కొంగల డాలు

కథలు చెప్పుకుని బతికేవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఏ దొర ఇంట్లో చెబుతుంటే ఆ ఇంటి గుర్తును కథలోని వీరుడి డాలు మీద ఎక్కిస్తారు. సింహం గుర్తున్న ఇంట్లో వీరుడు సింహం డాలు పడతాడు, చేపలున్న ఇంట్లో చేపల డాలు పడతాడు. దొర గడ్డం నిమురుకుంటూ వింటాడు, వంటశాలలోంచి ఓ మంచి మాంసం ముక్క కథకుడి పళ్లెంలోకి నడిచి వస్తుంది. హామండ్ ఈ పని పడుచుతనం నుంచీ చేస్తూనే ఉన్నాడు. బురుజు రాణి కథలో మాత్రం చేసేవాడు కాదు. ఆ కథలో వీరుడు పరాయివాడి భార్యను ప్రేమించి, రేవు దగ్గర ఆమె మొగుడి చేతిలో చస్తాడు. తన గుర్తు బురదలో పడడం పండుగపూట విని సంతోషించే దొర ఎవడుంటాడు? అందుకని ఆ వీరుడికి వంశం అంతరించిపోయిన ఇంటి గుర్తు ఏదో ఒకటి తగిలించేవాడు. ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన పెద్ద తెగులు వచ్చి పోయాక అలాంటి ఇళ్లకు కొదవ లేదు.

థార్న్‌క్లఫ్ కోటలో ఆ క్రిస్మస్‌కి అతను ఆ ఒక్క జాగ్రత్తా మరిచిపోయాడు. మరిచిపోయాడనడం కూడా సరికాదు. అలిసిపోయి ఉన్నాడు.

అతనికప్పటికి యాభై దాటాయి. ముందుపళ్లు రెండు ఊడిపోయాయి. కొన్ని మాటలు పలకబోతే నోట్లోంచి ఈల వచ్చేది, ఆ మాటలు రాకుండా పాదాలు తిరగరాసుకునేవాడు. పుట్టింది అడవిలో బొగ్గులు కాల్చేవాళ్ల ఇంట. తిండి పెట్టలేక తండ్రి అతన్ని చిన్నప్పుడే ఒక కథలాయన వెంట పంపించేశాడు. ఆ గురువు దగ్గర అతను నేర్చుకున్నది రెండే విషయాలు. పాదంలో మూడు మాటలైనా ఒకే అక్షరంతో మొదలవాలి. మొదలవకపోతే మోకాలి చిప్ప మీద కర్ర పడుతుంది. ఆ మోకాలు ఇప్పటికీ మంచు పడే ముందు నొప్పి పెట్టేది. తర్వాత మాల్డ్ అనే నేతపని అమ్మాయిని పెళ్లాడాడు. పెద్ద తెగులులో ఆమె పోయింది. దాని గురించి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగనూ లేదు. ఆమె రాణి కాదు కదా, ఆమె చావు మీద కథ కట్టడానికి.

అప్పటినుంచీ కోట నుంచి కోటకు నడుస్తూ వచ్చాడు. ఎక్కడికి వెళ్లినా అడిగేది ఒక్కటే: ప్రేమ కథ చెప్పు, చివర ఏడుపు ఉండాలి. పట్టు పరుపుల మీద పడుకునేవాళ్లు ప్రేమ కోసం చచ్చిపోయే కథ చెప్పు. ఆ పరుపులు ఎవరు ఉతుకుతారు, రాణి మూర్ఛపోతే నీళ్లకుండ ఎవరు మోసుకొస్తారు, ఇవి కథలో ఉండవు. హామండ్ ఆ కథను ఎన్నిసార్లు చెప్పాడో అతనికే తెలియదు. వీరుడు చచ్చే చోట గుండెలు బాదుకునే జనాన్ని చూస్తూ, రాత్రికి గడ్డివామిలో చోటు ఇస్తారా, గుర్రాలశాలలో పడుకోమంటారా అని ఆలోచించేవాడు.

థార్న్‌క్లఫ్‌కి మంచులో నడిచి రావడానికి ఒక కారణం ఉంది. కిందటిసారి వచ్చినప్పుడు దొర సర్ వారిన్ ఒక మాట అన్నాడు. "ఈసారి వచ్చినప్పుడు ఇక వెళ్లొద్దు. పండుగకి మా వాళ్లందరితోపాటు నీకూ ఒక ఉన్ని అంగీ ఇప్పిస్తా. సావిట్లో పొయ్యి పక్క ఓ మూల పడి ఉండు." ఆ మూలను తలుచుకుంటూ నడిచాడు హామండ్. తీరా వచ్చాక దొర లేడు. గాస్కనీలో యుద్ధంలో ఉన్నాడు, వసంతం దాకా రాడన్నారు. కోట పెత్తనం చూసే టిబాల్డ్ మాత్రం, "దొర లేకుండా అంగీ సంగతి నేనెట్లా చెప్తానయ్యా? పండుగ నడిపించు. తర్వాత చూద్దాం," అన్నాడు.

దొర లేని కోటలో పడుచువాళ్ల ఆటలు ఎక్కువయ్యాయి. దొరసాని అనోరాకు పాతికేళ్లు కూడా నిండలేదు. దొర దగ్గర కత్తిసాము నేర్చుకుంటున్న ఫల్క్ అనే కుర్రవాడు ఆమెను తన హృదయరాణిగా ఎంచుకున్నాడు. అదేమీ పెద్ద వింత కాదు. పెద్దింటి కుర్రవాళ్లందరూ చేసేదే. తనకు ఎన్నటికీ దక్కని ఆడదాన్ని ఒకర్తెను ఎంచుకోవాలి, ఆమె నడిచిన చోట నిట్టూర్చాలి, దయ చూపకపోతే ప్రాణం పోతుందని పాట పాడాలి. మొగుళ్లు కూడా విని నవ్వి ఊరుకుంటారు. ఫల్క్ ఇంటి గుర్తు ఆకుపచ్చ మీద మూడు తెల్ల దువ్వెనలు. ఆ పూట అతను హామండ్‌ను పొయ్యికి దగ్గరగా కూర్చోబెట్టి, తన పళ్లెంలోని పందితొడ మాంసం కోసి పెట్టాడు.

"పాపం, కుర్రాడు చచ్చిపోతున్నాడట కదా?" అన్నాడు హామండ్, దొరసాని గది చూసుకునే ఎమ్మట్‌తో. ఆమె భర్త పోయినావిడ. అతన్ని ఎన్నో పండుగల నుంచి ఎరుగును.

"రోజూ చస్తున్నాడు," అంది ఎమ్మట్. "పొద్దున దొరసాని మెట్ల కింద పడి చస్తాడు, మధ్యాహ్నానికి లేచి రెండు కోడిపిల్లల్ని తింటాడు. ఇంత తిని చచ్చేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు బాబూ."

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక కథ మొదలైంది. రోజుకో భాగం, మూడు రోజుల కథ అది. మొదటి భాగంలో బల్లేల పోటీ జరుగుతుంది. పేరు తెలియని వీరుడు వస్తాడు, అందర్నీ పడగొడతాడు, బురుజు మీంచి రాణి చూసి మనసిస్తుంది. వీరుడు మైదానంలోకి వచ్చే చోట హామండ్‌కు ఏ చచ్చిన ఇంటి గుర్తూ తట్టలేదు. పొయ్యి వెచ్చగా ఉంది, కడుపులో మాంసం ఉంది, ఎదురుగా ఫల్క్ మెడ చాచి కూర్చున్నాడు. అతని నోరు దానంతటది వెళ్లిపోయింది. ఆకుపచ్చ డాలు, అందులో మూడు తెల్ల దువ్వెనలు.

సావిడి సావిడంతా గోల చేసింది. బల్లలు చరిచారు. ఎవడో ఫల్క్ తల మీద బీరు పోశాడు. దొరసాని ముఖం ఎర్రబడింది, నవ్విందో లేదో తెలియలేదు. హామండ్ మరో ముక్క మాంసం సంపాదించుకున్నాడు.

మర్నాడు పొద్దున దొర వచ్చేశాడు.

చలికాలానికని యుద్ధం ఆపారట, గాలి కూడా అనుకూలించి ఓడ త్వరగా ఒడ్డు చేరిందట. దగ్గుతో, బురదతో, కుంటుతున్న గుర్రంతో గుమ్మం లోపలికి వచ్చాడు. బూట్లు విప్పించుకునేలోపే గుర్రాలవాడి నోట, వంటవాడి నోట, తన సొంత తమ్ముడి నోట ఒకటే విన్నాడు: ఇక్కడ బురుజు రాణి కథ నడుస్తోంది, రాణి ప్రియుడు దువ్వెనల డాలు పట్టాడు.

రొట్టెలు కాల్చే గదిలో వెచ్చదనానికి ముడుచుకుని ఉన్న హామండ్‌ను ఎమ్మట్ వెతుక్కుంటూ వచ్చింది.

"ఓయ్ హామండూ, లే. కొంపలంటుకుంటున్నాయి."

"నాకు కొంప లేదు కదా."

"నోరు ముయ్. దొర అమ్మగారి నడుముకున్న తాళాలు తీయించేశాడు. ఫల్క్ కత్తి లాగేసుకున్నాడు. పండుగ వెళ్లగానే అమ్మగారిని ఆయన మేనత్త ఉన్న సన్యాసినుల మఠానికి పంపిస్తాడట. పాపను పంపడట. నాలుగేళ్ల పిల్ల! తల్లి లేకుండా పెరుగుతుందట ఇక్కడ, ఈ మగ మూకలో."

"వాళ్లిద్దరి మధ్యా ఏమైనా ఉందా?"

"ఏముంటుంది? ఆవిడ గదిలో నేనే కదా పడుకునేది. వాడు కిటికీ కింద పాడతాడు, ఆవిడ కిటికీ మూయిస్తుంది. చలి వస్తోందని."

"ఆ మాట దొరకి చెప్పలేకపోయావా?"

"చెప్పా. గదిలో పడుకునే దాసీ అమ్మగారి మాటే చెప్తుంది కదే అన్నాడు." ఎమ్మట్ పిండి బల్ల మీద కూర్చుంది. "ఆయన బాధ అది కూడా కాదు. సావిట్లో చెప్పింది ఊరంతా చెప్పినట్టే అంటాడు. నువ్వు రేపు ఇంకో కోటకి పోతావు, అక్కడా దువ్వెనలే చెప్తావు. దేశమంతా నవ్వుతుంది. నీ నోటితో తగిలించావు. నీ నోటితోనే ఊడదియ్."

"ఊరికే పొగిడానే తల్లీ. అందరినీ పొగుడుతాం. అది కూలి లాంటిది."

"ఎవరి గుర్తు ఎవరికి తగిలిస్తున్నావో చూసుకోవద్దూ? నీ వయసేంటి?"

హామండ్ బట్టలకంటిన పిండి దులుపుకుని లేచాడు. ఆ వయసు వల్లే కదా, అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం దొర పెద్ద బల్ల దగ్గర కూర్చున్నాడు, భుజాల మీద తోలు కప్పుకుని, మధ్య మధ్య దగ్గుతూ. పక్కన దొరసాని, ఒళ్లో పాప. ఫల్క్‌ను గుమ్మం దగ్గర పనివాళ్ల మధ్య కూర్చోబెట్టారు. "కానియ్," అన్నాడు దొర. "నేను లేనప్పుడు ఏం విన్నారో నేనూ వింటాను."

హామండ్ వీణ తీగ సరిచేస్తున్నట్టు కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. కథల్లో వీరులు వేషం మార్చుకోవడం మామూలే. మూడు రోజుల పోటీలో మూడు డాళ్లు పట్టినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఆ దారినే పట్టాడు. పోటీ ఇంకా అయిపోలేదని చెప్పాడు. తనెవరో తెలియకూడదని వీరుడు మొదటి రోజు మిత్రుడి డాలు అరువు తీసుకున్నాడు. ఆ మిత్రుడిది దువ్వెనల ఇల్లు, మంచి కుర్రవాడు, పాపం జ్వరం వచ్చి గుడారంలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, రాణిని కంటితో కూడా చూడలేదు.

"నిన్న ఇట్లా చెప్పలేదే!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు.

"నిన్న అతనికి జ్వరం రాలేదు," అన్నాడు హామండ్.

నవ్వులు వచ్చాయి. ఆ నవ్వుల మీదుగా అతను రెండో రోజుకు ఒక చచ్చిన ఇంటి గుర్తు పట్టించాడు. మూడో రోజు వీరుడు ముసుగు తీసి తన సొంత డాలు పట్టాడు. ఎర్ర డాలు, అందులో మూడు తెల్ల కొంగలు. అది సర్ వారిన్ గుర్తు. ఆ డాలు చూశాకే రాణి మనసిచ్చిన గుర్తుగా తన జుబ్బా చెయ్యి ఊడదీసి బురుజు మీంచి విసిరింది. రాణి మొగుణ్ణి సముద్రం అవతలి ముసలి దొరగా మార్చేసి, అతనికి ఎవరూ గుర్తుపట్టని జంతువొకటి తగిలించాడు.

సావిట్లో చప్పుడు సద్దుమణిగింది. దొర దగ్గు ఆపుకుని వింటున్నాడు. భాగం పూర్తయ్యేసరికి పెదవి ఒక పక్కకి కదిలింది. టిబాల్డ్‌ను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. టిబాల్డ్ వెళ్లి తాళాల గుత్తి తెచ్చి దొరసాని ముందు బల్ల మీద పెట్టాడు. తేనె రాసిన పల్చటి అప్పాలు, మసాలా వేసి కాచిన ద్రాక్షసారా వచ్చాయి.

హామండ్ గోడకు చేరగిలబడ్డాడు.  ఫల్క్ వచ్చి మీద నిలబడ్డాడు.

"నన్నెందుకు తీసేశావ్?"

"చిన్నదొరా, మీ తల కాపాడా."

"జ్వరం పెట్టి గుడారంలో పడుకోబెట్టావు! దుప్పటి కప్పావు! నిన్న ఈ కోటంతా నా వైపు చూసింది. ప్రేమ కోసం చచ్చినవాడిగా నా పేరు నిలబడేది."

"చచ్చేవాళ్లు మీరొక్కరే అయితే నాకేం అభ్యంతరం లేదు, చిన్నదొరా. ఆవిడ బిడ్డను పోగొట్టుకునేది."

"ఆవిడా సంతోషించేది," అన్నాడు ఫల్క్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అంతకన్నా భయంకరమైనది హామండ్ ఆ మధ్య వినలేదు.

అప్పుడే టిబాల్డ్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "బాగానే చుట్టావయ్యా. అవునుగానీ, రేపు రేవు దగ్గర చావు కదా?"

హామండ్ తలెత్తి చూశాడు.

"రేపు చచ్చేది కొంగల డాలువాడు కదా?" అన్నాడు టిబాల్డ్ నెమ్మదిగా. "దొర సావిట్లో, పండుగపూట, దొర గుర్తుని చంపుతావా?"

హామండ్‌కి ఆ సంగతి అప్పుడు తట్టింది. దువ్వెనలను పక్కకు తోసే తొందరలో కొంగలను తీసుకెళ్లి రేవు దగ్గర నిలబెట్టాడు. కథ అందరికీ తెలుసు. వంట మనుషులకు కూడా తెలుసు. వీరుణ్ణి బతికిస్తే ఇవాళ చెప్పిందంతా దొర కోసం వంకర తిప్పిన కథ అని తేలిపోతుంది. అప్పుడు మొదటి రోజు చెప్పిన దువ్వెనలే నిజమని మిగులుతాయి.

మర్నాడు పొద్దున దొరే అతన్ని గుర్రాలశాలకు పిలిపించాడు. కుంటి గుర్రం కాలికి పంది కొవ్వు తనే రాస్తున్నాడు.

"ఏరా ముసలాడా, ఇవాళ నేను చస్తానా?"

"దొరా..."

"నిన్న నువ్వు చేసింది నాకు తెలీలేదనుకున్నావా? నవ్వొచ్చింది, ఊరుకున్నా. రాత్రంతా ఆలోచించా. ఆ కుర్రవెధవ ఏం చేశాడో నాకు తెలీదు. అడిగితే ఎవడు నిజం చెప్తాడు? నేను ఇంట్లో ఉన్నదెన్నాళ్లు, లేనిదెన్నాళ్లు?" గుర్రం కాలు కింద పెట్టి నడుం పట్టుకున్నాడు. దగ్గరగా చూస్తే అతనూ ముసలివాడే. "చంపు. కథ ఎట్లా ఉందో అట్లా చెప్పు. నా కొంగలు నీట్లో పడేటప్పుడు నేను ఆవిడ మొహం చూస్తాను. ఏడిస్తే తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి, పిల్లా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఏడవకపోతే మఠమే."

"కథకి ఏడవనివాళ్లు బోలెడుమంది ఉంటారు దొరా. నేనే ఏడవను."

"ఏడిపించు. నీ పనే కదా అది."

"చెప్పనంటే?"

"నిన్నటిది అబద్ధమనుకుంటా. మొన్నటిది నిజమనుకుంటా." దొర చేతికి అంటిన కొవ్వు గడ్డికి తుడుచుకున్నాడు. "ఇంకోటి. నా గుర్తుని నా ఇంట్లోనే చంపినవాడికి నేను అంగీ కప్పి పొయ్యి పక్కన కూర్చోబెడితే జనం నన్ను చూసి నవ్వుతారు. చెప్పి వెళ్లిపో. కోపంతో అనట్లేదు."

కోపంతో అన్నా బాగుండేది. కోపం పోతుంది.

హామండ్ నేరుగా ఎమ్మట్ దగ్గరకు వెళ్లి మొత్తం చెప్పాడు. చెప్పొద్దని దొర అనలేదు కదా. ఎమ్మట్ లోపలికి వెళ్లి, చాలాసేపటికి ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"ఏడవదట."

"ఏడవదటా?"

"చేతిగుడ్డలో ఉల్లిపాయ పెట్టిస్తానమ్మా అన్నాను. కాళ్లు పట్టుకున్నాను. 'పెళ్లికి ముందు గుర్రానికి చూసినట్టు నా పళ్లు చూశారు, ఇప్పుడు కళ్లు చూస్తారా' అంది. పురిట్లో కూడా కళ్ల నీళ్లు పెట్టుకోని మనిషయ్యా ఆవిడ. రాయి. బిడ్డ పోతుందమ్మా అంటే పెదవి కొరుక్కుంది గానీ, ఏడుస్తానని మాత్రం అనలేదు."

"అంత పొగరు మనలాంటివాళ్లకుంటే ఏ పూటకో ఆకలికి చచ్చేవాళ్లం."

"ఉంది కదా ఆవిడకి. ఏం చేస్తావో చెయ్."

మూడో మధ్యాహ్నం సావిడి కిక్కిరిసింది. పొలాలవాళ్లు కూడా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. దొర కథకుడి వైపు కూర్చోలేదు. కుర్చీ పక్కకు తిప్పించుకుని భార్య వైపు కూర్చున్నాడు. దొరసాని నిటారుగా, చేతులు బల్ల మీద పెట్టుకుని, ఎదుటి గోడ వైపు చూస్తోంది. పాప ఆమెకు ఆనుకుని అప్పం ముక్క నములుతోంది.

హామండ్ పాత పాదాలతోనే మొదలుపెట్టాడు. జుబ్బా చెయ్యి దొరుకుతుంది, ముసలి దొరకు అనుమానం వస్తుంది, రేవు దగ్గర పొదల్లో కాపు వేస్తాడు. వీరుడు పాట పాడుకుంటూ వస్తాడు. బల్లెం దిగుతుంది. ఇక్కడ పాత కథలో వీరుడు రాణిని తలుచుకుంటూ పెద్ద పాట పాడతాడు, ప్రేమే తనను చంపిందనీ బల్లెం కాదనీ చెప్తాడు, ప్రతి పాదంలో మాటలు ముత్యాల్లా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. జనం ఆ పాట కోసమే కాచుకుని ఉంటారు. హామండ్ దొరసాని ముఖం చూశాడు. రాయి. ఆ పాట ఆవిడ చిన్నప్పటినుంచీ ఎన్నోసార్లు విని ఉంటుంది.

అతను వీణ కింద పెట్టేశాడు.

ఆ తర్వాత చెప్పింది పాట కాదు. పాదాలూ లేవు, అక్షరాల పొందికా లేదు. కొంగల డాలువాడు వెంటనే చావలేదని చెప్పాడు. బురదలో పడి ఉన్నాడు. అతనికి దాహం వేసింది. నీళ్లు రెండు బారల దూరంలో పారుతున్నాయి, చప్పుడు వినిపిస్తోంది, చెయ్యి చాచినా అందవు. రాణి పేరు అతనికి గుర్తు రాలేదు. ఎవరి పేరూ గుర్తు రాలేదు. నీళ్లు, అన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. దగ్గరకు రాలేదు, భయపడ్డారు. మళ్లీ నీళ్లు, అన్నాడు. నాలిక బండగా అయిపోయి మాట సరిగా రావడం లేదు. ఆ మాట వినాల్సిన మనిషి ఇంట్లో లేడు. ఏదో ఊళ్లో ఎవరికోసమో పండుగ నడిపిస్తున్నాడు. అతను తిరిగొచ్చేసరికి కుండ నిండా నీళ్లున్నాయి, గుమ్మం పక్కనే ఉన్నాయి, మంచం మీంచి గుమ్మం దాకా పాకిన జాడ ఉంది, సగం దాకానే ఉంది.

రేవు దగ్గర మంచం ఎక్కడిదని ఎవరూ అడగలేదు. గుమ్మం ఎక్కడిదని కూడా అడగలేదు.

పెద్ద బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. దొరసాని లేచి నిలబడింది. చేతిలో ఆమె గిన్నె ఉంది. ముందుకు వంగి చాచింది, ఎవరికో అందిస్తున్నట్టు. ఎదురుగా బల్ల తప్ప ఎవరూ లేరు. అటూ ఇటూ చూసింది, గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తర్వాత కూర్చుంది. ముఖం తడిసిపోయింది, తుడుచుకోలేదు. ఎవరి కోసం ఏడ్చిందో ఆమెకైనా తెలుసో లేదో. కొంగల కోసం కాదని హామండ్‌కి తెలుసు. దొరకూ తెలిసే ఉండాలి. దొర కాసేపు ఆమెను చూశాడు. తర్వాత కుర్చీ సరిగా తిప్పుకుని బల్ల వైపు తల వంచుకున్నాడు.

"చాలు," అన్నాడు. "రాణి చావు కూడా చెప్పేసి ముగించు."

హామండ్ రాణిని నాలుగు మాటల్లో చంపేశాడు.

తాళాలు దొరసాని దగ్గరే ఉన్నాయి. పాప తల్లి దగ్గరే పెరిగింది. ఫల్క్‌ను దొర వసంతంలో గాస్కనీ తీసుకెళ్లాడు. అక్కడ ఒక పట్టణం గోడల బయట, యుద్ధం ఇంకా మొదలుకాకముందే, విరేచనాలు పట్టుకుని పోయాడట. అతని మీద ఎవరూ కథ కట్టలేదు. హామండ్ మాత్రం కథ ముగిసిన సాయంకాలమే కోట దాటాడు. ఎమ్మట్ గుమ్మం దాకా వచ్చి ఒక రొట్టె, ఉప్పుచేప చంకలో పెట్టింది.

"ఆ నీళ్ల సంగతి ఎక్కడిది? కథలో లేదే?"

"లేదు."

ఎమ్మట్ అతని పైగుడ్డ సరిచేసింది. "మోకాలు చూసుకో," అని తలుపు వేసుకుంది.

తర్వాతి కోటకు అతను చేరేలోపే కబురు చేరింది. అక్కడి పెత్తందారు గుమ్మంలోనే అడిగాడు. "బురుజు రాణి కథ నువ్వేనటగా చెప్పేది? అదే, కొంగల డాలువాడు నీళ్లు అడుగుతాడట. మా అమ్మగారు అదే కావాలంటున్నారు."

"ఆ కథ నేను చెప్పను."

"అయితే ఇంకో ఊరు చూసుకో."

బయట మంచు పడుతోంది. లోపల మాంసం కాలుతున్న వాసన వస్తోంది. హామండ్ లోపలికి వెళ్లి చెప్పాడు. మాల్డ్ ముఖం కళ్ల ముందు నిలబడి, మధ్యలో గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. రెండో కోటలోనూ గొంతు పూడుకుపోయింది, కానీ అంతసేపు కాదు. ఆ చలికాలం ముగిసేసరికి నీళ్లు అనే మాట దగ్గర ఎంతసేపు ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో, ఏ చోట జనం చేతిగుడ్డలు కళ్లకు అద్దుకుంటారో అతనికి బాగా తెలిసిపోయింది. ఆ చోట ఆగి, సావిడంతా ఏడుస్తుంటే, పడుకోవడానికి గడ్డివామి ఇస్తారో గుర్రాలశాల ఇస్తారో అని ఆలోచించేవాడు.